చదవని రెండు వరుసలు

రేపల్లెలో గౌరీశంకరం మాస్టారికి చదవడం రాని ఇంగ్లీషు ఉందంటే ఎవరూ నమ్మేవారు కాదు. అందరికంటే ముందు మాస్టారే నమ్మేవారు కాదు. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరైన మనిషాయన. రిటైరయ్యాక కూడా పొద్దున్న ఎనిమిదింటికల్లా ఆయన ఇంటి వసారాలో ఒక చిన్న కచేరీ మొదలయ్యేది. కోర్టు నోటీసులు, టెలిగ్రాములు, ఆఫీసుల నుంచి వచ్చిన ఉత్తరాలు, మందు సీసాల మీది అక్షరాలు, అన్నీ అక్కడికే వచ్చేవి. మాస్టారు పడకకుర్చీలో కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, ముందు ఇంగ్లీషులో గట్టిగా చదివి, ఆ తర్వాత తీరిగ్గా తెలుగులో చెప్పేవారు. ఆ ఇంగ్లీషు వినేవాళ్లకి అక్కర్లేదు. కానీ అది చదవకపోతే ఆయనకి తిన్నది అరిగేది కాదు.

ప్రతిఫలం ఏమీ పుచ్చుకునేవారు కాదు. అరుగు కింద నిలబడ్డవాళ్లు "మాస్టారు చూశారంటే ఇంక తిరుగులేదు" అంటే చాలు, ఆ పూటకి కడుపు నిండిపోయేది.

ఒక్క డాక్టర్ల రాత ముందు మాత్రం ఆయన పప్పులు ఉడికేవి కావు. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు, తెలియనివ్వలేదు కూడా. పోనీ, ఆ రాత చదివేవాడు ఊళ్లో లేడా అంటే ఉన్నాడు. మందుల షాపు సుబ్బారావు. వాడిని మాస్టారు తొమ్మిదో తరగతిలో రెండుసార్లు ఇంగ్లీషులో తప్పించారు. "నువ్వు ఈ జన్మలో ఇంగ్లీషు ముక్క చదవలేవురా" అని నలభై మంది ముందు అన్నారు. ఇప్పుడు వాడు జిల్లాలో ఏ డాక్టరు రాసిన చీటీనైనా ఒక్క చూపులో చదివి మందు తీసిస్తాడు. చూశారా, దేవుడికి కూడా కాస్త కొంటెతనం ఉంది.

ఎనభై ఎనిమిది ఫిబ్రవరిలో అన్నమ్మ ఒక కాగితం పట్టుకుని వచ్చింది. అన్నమ్మది స్టేషన్ అవతల పేట. భర్త పోయాక పొలం పనులకి వెళ్లి ఒక్కగానొక్క కూతురు సారాని పెంచి, బాపట్ల వ్యవసాయ కాలేజీ పొలాల్లో పనిచేసే సామ్యేలుకిచ్చి పెళ్లి చేసింది. మొదటి కాన్పుకి సారా పుట్టింటికి వచ్చింది. నెలలు నిండకుండానే నొప్పులొచ్చి, బిడ్డ అడ్డం తిరిగితే తెనాలి తీసుకుపోయారు. అక్కడ ఒక నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. తల్లీ పిల్లా క్షేమంగా ఇంటికి చేరారు.

"డాక్టరమ్మగారు అన్నీ కాయితంలో రాశానన్నారు మాస్టారూ. చదివించుకుని జాగ్రత్తగా దాచుకోమన్నారు" అంది అన్నమ్మ.

మాస్టారు అందుకున్నారు. పై సగం బాగానే ఉంది. పేరు, తేదీ, బిడ్డ బరువు, వాడవలసిన మాత్రలు. అంతా గట్టిగా చదివి అర్థం చెప్పారు. అడుగున రెండు వరుసలు మిగిలాయి. ఎర్ర సిరాతో రాసి, కింద గీత కూడా గీసి ఉన్నాయి. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి చిక్కుపడిపోయాయి. ఎంత చూసినా 'నెక్స్ట్' అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ అంతుపట్టలేదు. అంటే రాబోయే కాన్పు గురించి ఏదో ముఖ్యమైన సంగతి రాశారని మాస్టారికి తెలిసింది. ఈ మాట ఇక్కడే చెప్పుకోవాలి. తెలియక చేసిన పని కాదది.

"ఆ ఎర్రక్షరాలేంటండి?" అని అడిగింది అన్నమ్మ.

సరిగ్గా అప్పుడే సుబ్బారావు, మాస్టారి భార్య మాణిక్యాంబగారికి బీపీ మాత్రలు ఇవ్వడానికి వచ్చి గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు. నాలుగడుగుల దూరం. కాగితం అటు చాచి "ఒరేయ్, ఇదేంటో చూడరా" అంటే అయిపోయేది. అరుగు కింద మరో ఐదారుగురు తమ తమ కాగితాలతో ఎదురు చూస్తున్నారు. వాళ్లందరి ముందూ సుబ్బారావు చేతికి ఆ కాగితం ఇవ్వడమంటే తన తల తీసి వాడి చేతిలో పెట్టినట్టే అనిపించింది మాస్టారికి.

"తల్లికి బలమైన తిండి పెట్టమనీ, బరువులు ఎత్తనివ్వద్దనీ" అన్నారు.

"మళ్లీ కాన్పుకి భయమేమీ లేదు కదండి?"

"అలాంటిదేం లేదు. వచ్చే కాన్పు మామూలుగానే అవుతుందని రాశారు."

అన్నమ్మ రెండు చేతులూ జోడించింది. కాగితం మడిచి, రవికలో దోపుకుని, ప్రభువుకి స్తోత్రమంటూ వెళ్లిపోయింది. తెనాలి వెళ్లినప్పుడు ఆ కాగితం అడిగి తీసుకెళ్లి, చాటుగా ఎవరికైనా చూపిద్దామనుకున్నారు మాస్టారు. ఆ తర్వాత తెనాలి నాలుగైదుసార్లు వెళ్లారు. ప్రతిసారీ మర్చిపోయారు. మనిషి మర్చిపోవాలనుకున్నది ఎంత బాగా మర్చిపోతాడో చెప్పనక్కర్లేదు.

తొంభై మే నెలలో గాలివాన వచ్చింది. పేటలో ఇళ్ల కప్పులన్నీ లేచిపోయాయి. అన్నమ్మ రేకు పెట్టె మూడో రోజున బురదలో దొరికింది. లోపలి కాగితాలన్నీ ముద్దయిపోయాయి. సాయం పంచడానికి వెళ్లిన మాస్టారికి అన్నమ్మే ఆ సంగతి చెప్పి ఏడ్చింది. ఆ ఎర్ర వరుసలు కూడా పోయాయని తెలిసి, ఒక్క క్షణం ఆయన మనసు తేలికపడింది. ఇల్లు కూలిన మనిషి ఎదురుగా నిలబడి అలా తేలికపడినందుకు దారి పొడుగునా సిగ్గుపడుతూ ఇంటికొచ్చారు.

నవంబరులో ఒక మంగళవారం పొద్దున్న అన్నమ్మ మళ్లీ వచ్చింది. మొదటి బస్సుకి బాపట్ల నుంచి వచ్చానంది.

"సారాకి మళ్లీ నెలలు నిండొచ్చాయండి, ఇంకో పన్నెండు రోజులుందంట. బాపట్లలోనే అనసూయమ్మగారని డాక్టరమ్మకి చూపిస్తన్నాం. మొదటి కాన్పు కాయితం ఏదంటారాయమ్మ. పైన కుట్టు చూస్తే లోపల గర్భసంచి మీద ఎట్టా కోశారో తెలవదంట. ఆ కోతని బట్టే నొప్పులు రానివ్వాలో, ముందే ఆపరేషన్ చెయ్యాలో చూసుకోవాలంట. కాయితం గాలివానకి పోయిందమ్మా అంటే, తెనాలెళ్లి నకలు తెమ్మన్నారు."

"తెచ్చావా?" అన్నారు మాస్టారు.

"ఎందుకండి? మా మాస్టారు చదివారమ్మా, ఈ కాన్పు మామూలుగానే అవుద్దని అందులో ఉందన్నారు అని చెప్పాను. హెడ్మాస్టరుగారా అని అడిగి, అయితే ఆయన్నే ఆ మాట రాసిమ్మనమన్నారు."

అప్పుడైనా చెప్పి ఉండవలసింది. పోనీ, చెప్పకపోయినా, తెనాలి వెళ్లి నకలు తెచ్చుకోవడమే మంచిదమ్మా అన్నా సరిపోయేది. కానీ ఆ మాటకి అన్నమ్మ "అదేంటండి, మీరు చదివారుగా" అంటుంది. అరుగు కింద అప్పుడు కూడా నలుగురు ఉన్నారు. మాస్టారు లోపలికెళ్లి తెల్లకాగితం తెచ్చుకున్నారు. ఫలానా తేదీన ఫలానా కాగితాన్ని తాను స్వయంగా చదివాననీ, రెండో కాన్పుకి ప్రత్యేకమైన జాగ్రత్తలేవీ అందులో లేవనీ మంచి ఇంగ్లీషులో మూడు వాక్యాలు రాశారు. కింద సంతకం, దాని కింద డిగ్రీలు, దాని కింద రిటైర్డ్ హెడ్మాస్టరు అని. రాసేటప్పుడు చెయ్యి వణకలేదు. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ఆయన్ని ఎక్కువగా కోసింది అదే.

రెండు రోజులు అన్నం సహించలేదు. గురువారం పొద్దున్న మాణిక్యాంబగారు కాఫీ గ్లాసు పక్కన పెట్టి, నెమ్మదిగా అడిగారు.

"ఏవండీ, ఆ పిల్ల కాగితం మీరు నిజంగా చదివారా?"

"చదవకుండానే రాసిచ్చానా?" అని కసిరారు మాస్టారు.

"మొదట ఆ కాగితం చూసిన వేళ అన్నమ్మ వెళ్లిపోయాక లోపలికొచ్చి రెండు చెంబుల నీళ్లు తాగారు. నాకు గుర్తుంది. మీరు అబద్ధమాడితే మీకు నోరెండిపోతుంది. నలభై ఏళ్లుగా చూస్తున్నాను."

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆడవాళ్లకి ప్రతిదీ అనుమానమేనని అరిచారు. అరిచి, చొక్కా తొడుక్కుని, చెప్పులేసుకుని, ఎక్కడికని చెప్పకుండా స్టేషన్‌కి వెళ్లి తెనాలి రైలెక్కారు. కోపంతో వెళ్లానని ఆయన అనుకున్నారు. అది కోపం కాదు.

తెనాలి డాక్టరమ్మ పాత రిజిస్టరు తీయించింది. తన రాతని తాను గడగడా చదివేసింది. బిడ్డ నెలలు నిండకుండా అడ్డంగా ఉండటం వల్ల గర్భసంచి కింది భాగంలో మామూలుగా పెట్టే అడ్డకోత కుదరలేదు. పై భాగంలో, కండ మీద నిలువుగా కొయ్యాల్సి వచ్చింది.

"కింద పెట్టిన అడ్డకోత అయితే గట్టిగా మానుతుందండి. అలాంటివాళ్లకి దగ్గరుండి కనిపెట్టుకుంటూ మామూలు కాన్పుకి చూడొచ్చు. ఇది అలా కాదు. నొప్పులొచ్చి సంచి బిగుసుకున్నప్పుడల్లా ఆ కుట్టు మీద లాగుతుంది. విచ్చుకుపోతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. అందుకే వచ్చేసారి నొప్పులు మొదలుకాకముందే చేర్చి ఆపరేషన్ చెయ్యాలని ఎర్ర సిరాతో రాశాను. వాళ్లకి ఎవరూ చదివి చెప్పలేదా?"

"ఎవరో... సరిగ్గా చదివినట్టు లేరండి" అన్నారు మాస్టారు.

డాక్టరమ్మ చకచకా నకలు రాసి, ఈసారి అక్షరం అక్షరం విడివిడిగా రాసి, చేతికిచ్చింది. "బాపట్ల అనసూయ నాకు బాగా తెలుసు. ఉండండి, ఇప్పుడే ఫోన్ చేసి చెబుతాను" అని రిసీవరు మీద చెయ్యి వేసింది.

అనసూయ టేబుల్ మీద తన ఉత్తరం ఉంది. డిగ్రీలతో సహా. ఈ ఫోన్ వెళ్తే ఆవిడ ఆ ఉత్తరం తీసి, ఈ పెద్దమనిషెవరని వెంటనే ఈవిడనే అడుగుతుంది. తాను ముందు వెళ్లి, నాలుగు మాటలు చెప్పి, ఆ ఉత్తరం మెల్లిగా వెనక్కి తీసుకుని, ఈ నకలు అక్కడ పెట్టేస్తే గొడవ ఉండదు.

"అక్కర్లేదండి. ఇంకా పది రోజులు టైముందన్నారు. నేనే స్వయంగా ఇప్పుడు అక్కడికే వెళ్తున్నాను" అన్నారు.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

రైలు గంట ఆలస్యంగా వచ్చింది. బాపట్లలో దిగి, రిక్షా ఎక్కి నర్సింగ్ హోమ్‌కి చేరేసరికి మూడున్నర దాటింది. వరండాలో బల్ల మీద అన్నమ్మ, సామ్యేలు కూర్చుని ఉన్నారు. మాస్టారిని చూడగానే అన్నమ్మ ముఖం విప్పారింది.

"మాస్టారే వచ్చారు! చూడు సామ్యేలూ, మన సారా కోసం అంత దూరం నుంచి వచ్చారు. పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయండి, పది రోజులు ముందే. మీ కాయితం చూసి డాక్టరమ్మగారు సరేనన్నారు. మామూలుగానే అవుద్దని చూస్తన్నారు."

మాస్టారు జేబులోంచి నకలు తీశారు. అప్పుడే అనసూయ గబగబా బయటికొచ్చింది. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా పిల్లకి కుట్టు దగ్గర పోటు ఆగడం లేదని నర్సు చెబుతోంది. మాస్టారు అడ్డం వెళ్లి తానెవరో చెప్పుకుని, ఇంగ్లీషులో మొదలుపెట్టారు. దురదృష్టం, పొరపాటు, పరిస్థితుల ప్రభావం, ఇలా పెద్ద పెద్ద మాటలన్నీ వచ్చాయి. అన్నమ్మకి అర్థం కాకూడదనే ఇంగ్లీషులో చెబుతున్నానని మాట్లాడుతుండగానే ఆయనకి తెలుసు. అయినా ఆపలేదు.

అనసూయ ఆయన మాటలు వినలేదు. చేతిలోని నకలు లాక్కుని ఒక్క చూపు చూసింది.

"థియేటర్ రెడీ చెయ్యండి, ఇప్పుడే" అని లోపలికి కేకేసింది. నర్సు తెచ్చిన అచ్చు కాగితం మాస్టారి చేతిలో పెట్టింది. "నాకు టైం లేదు. ఆపరేషన్‌కి వీళ్లు ఒప్పుకుంటున్నట్టు దీని మీద రాసుంది. సంచి తీసెయ్యాల్సి రావొచ్చని, ప్రాణానికి కూడా హామీ లేదని రాసుంది. ఎందుకో కూడా చెప్పి సంతకాలు పెట్టించండి. తెలుగులో చెప్పండి."

తలుపు మూసుకుంది. కాగితం మీది అక్షరాలు గుండ్రంగా, స్పష్టంగా, చిన్నపిల్లాడు కూడా చదవగలిగేలా ఉన్నాయి. మాస్టారు నిలబడే చదివారు. ఇంగ్లీషు చదవలేదు, తెలుగే చెప్పారు.

"అదేంటండి?" అంది అన్నమ్మ. "సంచి తియ్యడమేంటి? మీరు చదివినదాంట్లో అట్టా లేదుగా?"

"నేను చదవలేదమ్మా."

"చదివారుగా. నా ముందేగా చదివారు."

"పైదంతా చదివాను. ఆ ఎర్ర సిరా వరుసలు నాకు చదవడం రాలేదు. వచ్చినట్టు చెప్పాను. మొన్న రాసిచ్చింది కూడా అబద్ధమే. నొప్పులు రానివ్వకూడదని ఆ వరుసల్లో ఉంది."

సామ్యేలు లేచి నిలబడ్డాడు. కొడతాడనుకున్నారు మాస్టారు. కొడితే బాగుండుననుకున్నారు. సామ్యేలు ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని, తనకి వచ్చిన నాలుగు తెలుగు అక్షరాలతో సంతకం పెట్టి, అత్తకి అందించాడు. అన్నమ్మ వేలిముద్ర వేసింది. బొటనవేలికంటిన సిరాని కొంగుకి తుడుచుకుంటూ మాస్టారి వంక చూసింది. ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో ఎంతమందినో బెంచీ ఎక్కించిన మనిషికి, ఆ చూపు ముందు ఎక్కడ నిలబడాలో తెలియలేదు.

ఐదింటికి అనసూయ బయటికొచ్చి, అన్నమ్మ పక్కన బల్ల మీద కూర్చుంది.

"నీ కూతురు దక్కిందమ్మా. కుట్టు పొడుగునా విచ్చుకుపోయింది. సంచి తీసెయ్యక తప్పలేదు. మగబిడ్డ. వాడు దక్కలేదు. ఒక్క గంట, గంటన్నర ముందు నాకు తెలిసి ఉంటే..." అని ఆగిపోయింది. లేచి వెళ్తూ మాస్టారి దగ్గర ఆగి, "మీ ఉత్తరం కేసు కాగితాల్లో పెట్టానండి. అక్కడే ఉంటుంది" అంది.

సామ్యేలు గోడకి తల ఆనించుకుని ఏడ్చాడు. కాసేపటికి లోపలి నుంచి ఒక తెల్లగుడ్డ మూటని తెచ్చి అతని చేతుల్లో పెట్టారు. అతను దాన్ని గుండెకి హత్తుకుని, చర్చి సంఘం పెద్దల్ని పిలుచుకురావడానికి వెళ్లాడు. సారాకి ఇంకా తెలివి రాలేదు. వరండాలో అన్నమ్మ, మాస్టారు మిగిలారు.

వెళ్లిపోవచ్చు. ఆరింటికి బస్సుంది. వెళ్లిపొమ్మని కాళ్లు చెబుతూనే ఉన్నాయి. ఇప్పుడు వీళ్లందరికీ తెలిసిన తప్పు ఒకటి ఉంది. ఎవరికీ తెలియని తప్పు ఇంకొకటి ఉంది. ఆ రెండోదాన్ని రేపల్లె దాకా మోసుకెళ్లి, వసారాలో కూర్చుని, మళ్లీ ఎవరికో టెలిగ్రాము చదివి పెట్టడం తన వల్ల కాదనిపించింది. మాస్టారు వచ్చి అన్నమ్మ ఎదురుగా, బల్ల మీద కాదు, నేల మీద కూర్చున్నారు.

"అన్నమ్మా, ఇంకొకటి ఉంది. తెనాలిలో డాక్టరమ్మ మధ్యాహ్నమే ఇక్కడికి ఫోన్ చేస్తానంది. నేనే వద్దన్నాను. నేను రాసిచ్చిన ఉత్తరం సంగతి బయటపడుతుందని వద్దన్నాను. చేసి ఉంటే బిడ్డ బతికేవాడు."

అన్నమ్మ తిడుతుందని, శపిస్తుందని ఎదురుచూశారు మాస్టారు. ఆవిడ తన బొటనవేలి మీద ఇంకా పోని సిరా మరకనే చూసుకుంటోంది.

"చదవడం రాకపోతే రాదని చెప్పొచ్చుగా మాస్టారూ" అంది చివరికి. గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థం కాక అడుగుతోంది. "మాకూ రాదుగా. ఇన్నేళ్లూ మీ అరుగు కింద నిలబడి, నలుగురిలో, మాకు చదువు రాదండి అనే కదా అడిగాం. అందులో అంత చచ్చిపోయేంత సిగ్గేముందండి?"

లోపల సారాకి మెలకువ వచ్చినట్టుంది, బిడ్డ ఏడని అడుగుతోంది. అన్నమ్మ లేచి లోపలికి వెళ్లింది.